కరిగిపోయేలోపు చూసెయ్యాలా?

మా మరిది డల్లాస్‌లో ఉంటాడు. ఈ వేసవికి పిల్లల్ని తీసుకుని, కెనడాలో మేముండే కాల్గరీ వస్తున్నామని ఫోన్ చేశాడు. ఏమేం చూడాలో లిస్టు అప్పటికే తయారు: బాన్ఫ్, లేక్ లూయీజ్, పేటో లేక్, ఆపైన కొలంబియా ఐస్‌ఫీల్డ్ దగ్గర అథబాస్కా గ్లేసియర్ (హిమానీనదం, అంటే కొండ మీద నుంచి మెల్లగా కిందికి జారే మంచుగడ్డ), టైము మిగిలితే అథబాస్కా జలపాతం. "ఆ గ్లేసియర్ ఎలాగూ ఎన్నాళ్ళో ఉండదంటున్నారు కదా వదినా, కరిగిపోయేలోపు పిల్లలకి చూపించేస్తే ఓ పనైపోతుంది. ఒక్కరోజు చాలుగా?" అన్నాడు.

ఒక్కరోజు చాలు. దాని సంగతి తర్వాత చెబుతాను. నాకు మింగుడుపడనిది ఆ "కరిగిపోయేలోపు". మా ఇంటికొచ్చే చుట్టాలందరూ కాస్త అటూ ఇటూగా ఇదే మాట అంటారు. యూట్యూబ్ వీడియోల పేర్లలోనూ ఇదే. పోనీ మనవాళ్ళకే ఈ తొందర అనుకుందామా అంటే అదీ కాదు. కెనడా పరిశోధకులు సరిగ్గా ఈ గ్లేసియర్ దగ్గరే పర్యాటకుల్ని ఎందుకొచ్చారని అడిగి చూశారు. ఇది మాయమయ్యేలోపు చూడాలని వచ్చామన్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

నేననేది ఒక్కటే. గ్లేసియర్‌ని కడసారి చూపు చూడ్డానికి వెళ్ళకూడదు. అది కరగడం లేదని కాదు, కరుగుతోంది, ఆ లెక్కలు కూడా చెబుతాను. కానీ కడసారి చూపుకి వెళ్ళిన మనిషి అక్కడ నిజంగా చూసేది చాలా తక్కువ. కాసేపు నిలబడి, అయ్యో అనుకుని, వెళ్ళొచ్చామన్న తృప్తితో ఇంటికొస్తాడు. ఈలోగా గ్లేసియర్ చేసే పనంతా మన కాళ్ళ పక్కనే జరిగిపోతుంటుంది. దాన్ని వంగి చూసేవాళ్ళు ఉండరు.

"ఇంతేనా?"

లేక్ లూయీజ్ దాటాక ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీద దాదాపు 130 కిలోమీటర్లు వెళ్తే, ఎడమ వైపు రెండు కొండల నడుమ నుంచి కిందికి జారిన బూడిదరంగు నాలుక ఒకటి కనిపిస్తుంది. అదే అథబాస్కా గ్లేసియర్. మొదటిసారి వచ్చినవాళ్ళలో కనీసం సగం మంది నోట నేను విన్న మాట "ఇంతేనా?" ఫోటోల్లో నీలంగా, తెల్లగా మెరిసిపోయిన వస్తువు ఎదురుగా చూస్తే మాసిన దుప్పటంత కూడా తెల్లగా ఉండదు.

నిరాశ పడేవాళ్ళను తప్పుపట్టలేం, బ్రోషర్లు అలా ఉంటాయి. కానీ ఆ మురికినే కాస్త నిదానంగా చూడాలి. చలికాలంలో పడిన కొత్త మంచు జులై, ఆగస్టు నాటికి కింది భాగంలో కరిగిపోయి లోపలి పాత మంచుగడ్డ బయటపడుతుంది. దాని మీద పక్క కొండల నుంచి రాలిన రాళ్ళు, గాలికి వచ్చిన దుమ్ము ఉంటాయి. ఈ మధ్య కార్చిచ్చుల మసి కూడా తోడైంది. 2024 జులైలో, ఇదే దారిలో ఉన్న జాస్పర్ ఊళ్ళో మూడోవంతు కట్టడాలు తగలబడిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. నల్లబడిన మంచు ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది, ఇంకా త్వరగా కరుగుతుంది. అంటే అడవిలో ఏం జరుగుతోందో ఆ మంచు రంగులోనే తెలుస్తుందన్నమాట. అందం చెడిపోయిందని కెమెరా లోపల పెట్టేసేవాళ్ళు అసలు చూడాల్సింది వదిలేసి వెళ్తున్నారు.

పైగా రోడ్డు మీద నుంచి కనిపించేది తోక మాత్రమే. గ్లేసియర్ పొడవు సుమారు 6 కిలోమీటర్లు, కొన్నిచోట్ల మందం 300 మీటర్ల దాకా ఉంటుంది. దాని పైన 200 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న మంచు మైదానం ఉంది, అదే కొలంబియా ఐస్‌ఫీల్డ్. కింద నిలబడి ఎంత మెడ సాచినా అది కనబడదు. 1898లో నార్మన్ కాలీ, హెర్మన్ వూలీ అనే ఇద్దరు అథబాస్కా పర్వత శిఖరం ఎక్కాకే, పైన ఇంత మంచు ఉందని బయటి ప్రపంచానికి తెలిసింది. గైడ్లు మందం చెప్పేటప్పుడు ఈఫిల్ టవర్‌తో పోలుస్తారు. పారిస్ వెళ్ళనివాళ్ళు కూడా బుద్ధిగా తలూపుతారు.

బోర్డుల దారి

చాలామంది చేసేదేమిటంటే, రోడ్డుకి ఇటువైపున్న సందర్శకుల కేంద్రంలో టికెట్టు కొని, పెద్ద చక్రాల బస్సెక్కి మంచు మీదకి వెళ్ళొచ్చి, తినేసి, తర్వాతి స్పాట్‌కి బయల్దేరడం. రోడ్డుకి అవతల గ్లేసియర్ మొన దాకా ఒక కాలిబాట ఉంది. రానూపోనూ రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, చివర్లో కాస్త ఎత్తు. నా దృష్టిలో ఆ రోజు ప్రయాణమంతా ఆ బాట కోసమే చెయ్యాలి.

ఆ దారి పొడవునా ఏడాదుల బోర్డులుంటాయి. ఫలానా ఏడాది మంచు ఇక్కడిదాకా ఉండేది, అంతే రాసుంటుంది. గత శతాబ్దం మొదటి దశాబ్దాల బోర్డుల దగ్గర మొదలుపెట్టి పైకి నడుస్తూ పోతే, మనకి తెలిసిన ఏడాదులు ఒక్కొక్కటే వస్తాయి. మా ఆయన పుట్టింది 1982లో. ఆ బోర్డు దగ్గరికి రాగానే "నేను పుట్టినప్పుడు ఇక్కడుందా!" అని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. తర్వాత 1992 బోర్డు వచ్చింది, దాన్నీ దాటాం, మంచు ఇంకా అల్లంత దూరంలోనే ఉంది. వెనక్కి తిరిగి కింద తన బోర్డు ఎక్కడుందో చూసి, నుదురు తడుముకుంటూ "నా జుట్టు కంటే ఫాస్టుగా పోయిందే" అన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. లెక్క అడిగితే, గత 125 ఏళ్ళలో ఒకటిన్నర కిలోమీటరుకి పైగా వెనక్కి తగ్గింది, ఘనపరిమాణంలో సగం పోయింది. 1844 ప్రాంతంలో అది అత్యధికంగా ముందుకొచ్చినప్పుడైతే ఇప్పుడు హైవే ఉన్నచోట కూడా మంచే.

ఇక్కడ నాతో మీరు వాదించొచ్చు. కడసారి చూపు వద్దని చెబుతూ, మంచు ఎంత పోయిందో చూపించే దారికే తీసుకెళ్తున్నావేం అని. నిజమే, ఆ బోర్డులు చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ బోర్డుల మధ్య నేల ఉంది చూడండి, నా బాధంతా దాన్ని ఎవరూ చూడకపోవడం గురించి. బోర్డు నుంచి బోర్డుకి వెళ్ళే తొందరలో జనం ఫోన్లు పైకెత్తి నడుస్తారు.

ఒక్కసారి కూర్చుని ఆ బండని చేత్తో తడమండి. సున్నపురాయి, కొన్నిచోట్ల పాలిష్ పట్టినంత నున్నగా ఉంటుంది. దాని మీద వేళ్ళకి తగిలే సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. మంచు అడుగున ఇరుక్కున్న రాళ్ళు పై బరువుకి నేలను గీసుకుంటూ వెళ్ళిన దారులవి. కొన్ని గీతలు నా బొటనవేలు పట్టేంత లోతుగా ఉన్నాయి. గీత మొదలయ్యే చోట పలచగా ఉండి, లోతై, ఒకచోట టక్కున ఆగిపోతుంది. గీసిన రాయి అక్కడ విరిగిపోయి ఉండాలి. మా అబ్బాయి ఆ విరిగిన రాయి కోసం చుట్టుపక్కలంతా వెతికాడు. దొరకదనుకోండి, అయినా గ్లేసియర్ గురించి వాడికి అంతకంటే మంచి పాఠం ఏ బస్సులోనూ వినపడదు.

ఇంకొక విషయం ఆ నేల మీద నిలబడితేనే బుర్రకెక్కుతుంది. గ్లేసియర్ వెనక్కి వెళ్తోంది అంటాం కదా, నిజానికి మంచు ఎప్పుడూ వెనక్కి కదలదు. ఇప్పుడు మీరు చూస్తున్న క్షణంలో కూడా అది కిందికే దిగుతోంది. పైన ఐస్‌ఫీల్డ్ మీద పడిన మంచు ఈ మొన దాకా రావడానికి వందేళ్ళకి పైగానే పడుతుంది. వచ్చేదానికంటే కరిగేది ఎక్కువ కాబట్టి మొన వెనక్కి జరుగుతుంది, అంతే. మన ముందు కారుతున్న నీరు ఈ హైవే వెయ్యకముందు ఎప్పుడో పైన కురిసిన మంచు. ఆ రోడ్డు 1930లలో, పనుల్లేని రోజుల్లో జనానికి ఉపాధి కోసం వేసి 1940లో తెరిచారు. అంతకుముందు బయల్దేరిన మంచు ఇవాళ్టికి ఇక్కడ దిగింది.

బాట చివర తాడు కట్టి ఉంటుంది, దాటొద్దని బోర్డు ఉంటుంది. కొంతమంది దాటుతూనే ఉంటారు. పైన గట్టిగా కనిపించే మంచు కింద లోతైన పగుళ్ళుంటాయి, అందులో పడి పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి. లోపల ఇరుక్కున్నవాళ్ళు, పైకి లాగేలోపే చలికి ప్రాణం వదిలేస్తారు. ఒకాయన తాడవతలకి పోయి, భార్యని కూడా రమ్మని చెయ్యి ఊపుతుంటే ఆవిడ ఇటు నుంచి "మీరు రండి ముందు" అని అరుస్తోంది. కరిగిపోయేలోపు ముట్టుకోవాలన్న ఆత్రం ఎంత పనైనా చేయిస్తుంది.

అత్తయ్య అడిగిన ప్రశ్న

బస్సు వద్దని నేను చాలాకాలం గట్టిగానే వాదించేదాన్ని. మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చాక ఆ గట్టిదనం కాస్త తగ్గింది.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. చార్‌ధామ్ వెళ్ళినప్పుడు గంగోత్రి గుడి దాకా వెళ్ళగలిగారు. గంగ పుట్టే గ్లేసియర్ మొన గోముఖ్ చూడాలని కోరిక, కానీ అక్కడి నుంచి 18 కిలోమీటర్లు నడవాలి, రోజుకి 150 మందికే అనుమతి, అందులో మోకాళ్ళు లేనివాళ్ళకి చోటు లేదు. అలాంటి మనిషి ఇక్కడ బస్సు దిగి, కోడలి చెయ్యి పట్టుకుని, మంచు మీద నాలుగడుగులు వేశారు. మంచు పైన చిన్న పాయగా పారుతున్న నీళ్ళు సీసాలో పట్టి, రెండు చుక్కలు నెత్తిన చల్లుకున్నారు. పక్కనున్న తెల్లావిడ చూసి తనూ చల్లుకుంది.

అప్పుడడిగారు: "అమ్మాయ్, ఈ నీళ్ళు ఏ సముద్రంలో కలుస్తాయి?"

అన్ని వీడియోలు చూసొచ్చిన మా చుట్టాలెవరూ అడగని ప్రశ్న అది. ఈ మొన దగ్గర పుట్టేది సన్‌వాప్టా నది అత్తయ్యా, అది అథబాస్కాలో కలుస్తుంది, ఆ నీళ్ళు చివరికి మెకెంజీ నది మీదుగా ఆర్కిటిక్ సముద్రానికి పోతాయి అన్నాను. అదే ఐస్‌ఫీల్డ్‌కి ఇంకోవైపు దిగే సస్కాచెవాన్ గ్లేసియర్ నీళ్ళు ఎడ్మంటన్ ఊరి మీదుగా హడ్సన్ అఖాతానికి. పడమటి వైపు కరిగినవి కొలంబియా నదిలో పడి పసిఫిక్‌కి. అక్కడే కనిపించే స్నో డోమ్ అనే శిఖరం మీద నుంచి నీళ్ళు మూడు దిక్కులకీ పోతాయి. "ఒక్క కొండ మీద మంచు మూడు సముద్రాలకి పోతోందా!" అని చాలాసేపు ఆ స్నో డోమ్‌నే చూశారు. ఆవిడకి అది పోయేదానిలా కనిపించలేదు, పంచేదానిలా కనిపించింది. నేను ఇన్ని పేరాల్లో చెప్పడానికి తంటాలు పడుతున్నది ఆవిడకి బస్సు దిగిన పది నిమిషాల్లో అందింది. అదీ నేను వద్దనే బస్సు దిగి.

కాబట్టి నడవలేనివాళ్ళకి బస్సు ఉండాల్సిందే. 56 సీట్ల బండి, మనిషి ఎత్తున చక్రాలు, 32 శాతం వాలున్న మట్టికట్ట మీద నుంచి దిగుతుంది. ప్రమాదం లేనిదేమీ కాదు, 2020 జులైలో ఒక బండి ఆ వాలు దగ్గరే బోల్తాపడి ముగ్గురు చనిపోయారు. అయినా రోజూ వందలమంది ఎక్కి క్షేమంగా దిగుతున్నారు. నా అభ్యంతరం కాళ్ళు బాగున్నవాళ్ళు కూడా బస్సు ఒక్కటే ఎక్కి, గ్లేసియర్ చూసేశామనుకోవడం మీద. మంచు మీద మీకు గీసిచ్చిన హద్దుల్లో కాసేపు నిలబడతారు. నాలుగువైపులా తెలుపు, ఫోటోలు బాగా వస్తాయి. కానీ గ్లేసియర్ నేలను ఏం చేస్తోందో దాని వీపు మీద నిలబడితే తెలియదు.

దీనికి ఆ సీసానే సాక్ష్యం. అత్తయ్య పైన పట్టుకున్న నీళ్ళు గాజులా స్వచ్ఛంగా ఉన్నాయి. తర్వాత మొన దగ్గర, మంచు కింద నుంచి బయటికి తన్నుకొచ్చే పాయలో నేను గ్లాసు ముంచి చూపించాను. ఒకే గ్లేసియర్ నీళ్ళు, కానీ ఇవి బియ్యం కడుగు రంగులో ఉన్నాయి. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు కూడా తెలియనంత మెత్తటి రాతిపిండి. బండల మీద ఆ గీతలు గీసినప్పుడు రాలిన పొడి ఇదే. ఈ పిండి చెరువుల్లో తేలుతూ ఎండలో నీలాన్ని, పచ్చని వెనక్కి కొట్టడం వల్లే పేటో లేక్, లేక్ లూయీజ్ ఆ రంగులో ఉంటాయి. ఆ చెరువుల ముందు ఫోటోలు దిగి, గ్లేసియర్ దగ్గరికొచ్చి మురికిగా ఉందనేవాళ్ళతో ఏం మాట్లాడతాం?

కారు లెక్క

చూస్తేనే కదా జనానికి పట్టింపు కలిగేది, కడసారి చూపైనా మంచిదే కదా అని ఇంకో వాదన. ఐక్యరాజ్యసమితి 2025ని హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది, మార్చి 21ని ఏటా వాటి దినంగా పెట్టింది. ఐస్‌లాండ్‌లో ఓక్ అనే గ్లేసియర్ చచ్చిపోయిందని 2019లో ఫలకం పెట్టి సంస్మరణ సభ చేశారు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో పిజోల్ గ్లేసియర్‌కి నల్లబట్టలు వేసుకుని కొండెక్కి నివాళి అర్పించారు. వీటివల్ల నలుగురూ మాట్లాడుకున్న మాట నిజమే, నేను కాదనను.

కానీ మా ఇంటికొచ్చి, గ్లేసియర్ చూసి, బాధపడి వెళ్ళినవాళ్ళలో ఎవరి కారూ చిన్నదవలేదు. మాదీ అవలేదు. 2018లో బ్రెమెన్, ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక లెక్క వేశారు. ఇవాళ గాల్లోకి వదిలే ఒక్కో కిలో కార్బన్ డయాక్సైడ్ వల్ల మునుముందు 15 కిలోల గ్లేసియర్ మంచు కరుగుతుంది. మామూలు కారు అరకిలోమీటరు నడిస్తే ఒక కిలో మంచు. కాల్గరీ నుంచి ఐస్‌ఫీల్డ్, అక్కడి నుంచి అథబాస్కా జలపాతం, తిరిగి ఇల్లు, మొత్తం 770 కిలోమీటర్ల దాకా అవుతుంది. అంటే ఒక్కరోజు టూరుకి ఒకటిన్నర టన్నుల మంచు. ఇది డల్లాస్ విమానాన్ని, హైదరాబాద్ విమానాన్ని కలపకుండా.

ఈ లెక్క చెప్పి ఎవరినీ ఆపాలని నాకు లేదు. నేనే వెళ్తున్నాను, ఇంకొకరిని వద్దనే మొహం నాకెక్కడిది. నా సందేహం వేరే. కరిగిపోయేలోపు చూడాలనే ఆత్రమే ఎక్కువమందిని ఎక్కువ దూరం నుంచి రప్పిస్తోంది. పోతోందన్న వార్తే దానికి ప్రచారమైంది. పోతోంది కాబట్టి త్వరగా, త్వరగా కాబట్టి ఒకే ట్రిప్పులో పదకొండు స్పాట్లు. పనిచేస్తున్న గ్లేసియర్ని చూడ్డానికి వెళ్ళేవాడికి ఆ తొందర ఉండదు. ఈ ఏడాది కుదరకపోతే వచ్చే ఏడాది, ఇక్కడ కాకపోతే తన దేశంలోనే ఇంకెక్కడో. పూర్తిగా మాయమవడానికి దశాబ్దాల సమయం ఉంది, వచ్చే జులైలోపే అయిపోదు.

మరి నువ్వు దగ్గర్లో ఉన్నావు కాబట్టి ఈ నిదానం మాటలు చెబుతున్నావు, జీవితంలో ఒక్కసారి వచ్చేవాళ్ళ సంగతేంటి అని మా ఆయన అడిగాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కసారే వచ్చేవాళ్ళకైతే స్పాట్లు తగ్గించుకోమని మరీ గట్టిగా చెబుతాను, అంతే.

జలపాతం కూడా వెనక్కే నడుస్తుంది

అథబాస్కా జలపాతం ఎత్తు 23 మీటర్లే. ఎత్తు చూసి వెళ్ళేవాళ్ళకి ఇక్కడా "ఇంతేనా" తప్పదు. కానీ వెడల్పాటి నది మొత్తం ఒక్కసారిగా ఇరుకు సందులోకి దూరిపోతుంది, ఆ హోరుకి పక్కవాళ్ళ మాట వినపడదు. పైన గట్టి క్వార్ట్‌జైట్ రాయి, దాని కింద కాస్త మెత్తటి సున్నపురాయి. కిందది ముందు తినేస్తుంది నీరు, ఆనుడు పోయాక పైది విరిగిపడుతుంది. సుడిలో చిక్కుకున్న రాళ్ళు గిరగిరా తిరిగి గుండ్రటి గుంతలు తొలిచాయి. నది ఒకప్పుడు పారి వదిలేసిన ఇరుకు దారిలో ఇప్పుడు మెట్లు కట్టారు, అందులోంచి కిందికి దిగి వెళ్ళొచ్చు. రెండు పక్కలా గోడలు మన భుజాల కన్నా పైకి ఉంటాయి, చెయ్యి పెడితే నీరు నునుపు చేసిన వంపులు తెలుస్తాయి.

అంటే ఈ జలపాతం కూడా రాయిని కోసుకుంటూ ఏళ్ళ తరబడి వెనక్కి, నది పైవైపుకి జరుగుతోంది. ఇప్పుడున్న చోట అది శాశ్వతంగా ఉండదు. అయినా జలపాతాన్ని పోయేలోపు చూడాలని ఎవరూ అనరు. దాని ముందు నిలబడితే అది చేసే పని కళ్ళకి కడుతుంది కాబట్టి, దాన్ని ఆ పని కోసమే చూస్తాం. గ్లేసియర్‌ది కూడా అదే రాయి కోసే పని, కాకపోతే మన కంటికి ఆనేంత వేగం లేదు. జలపాతం దగ్గర కలిగే ఉత్సాహం గ్లేసియర్ దగ్గరికి ఎందుకు రాదా అని నాకు ఎప్పటినుంచో ఆశ్చర్యం.

రెండూ ఒకటే అనడం లేదు. జలపాతం తన మానాన తాను జరుగుతోంది, గ్లేసియర్ ఇంత త్వరగా తగ్గడంలో మన చెయ్యి ఉంది. ఆ తేడాని దాటేసి హాయిగా చూడండి అంటే అది కూడా అబద్ధమే అవుతుంది. కాబట్టి బాధపడొద్దని అనను. బాధతో మొదలుపెట్టి బాధతోనే తిరిగొస్తే మాత్రం మధ్యలో ఏమీ చూడనట్టే అంటాను.

రెయిలింగ్ గురించి ఒక్క మాట. తడి రాళ్ళ మీదకి దిగి ఫోటోల కోసం నిలబడి ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ రాయి ఎంత జారుడో, నున్నటి మెట్ల దారిలో నడిచినప్పుడే తెలిసిపోతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు.

ఒక్కరోజులో ఎలా

కాల్గరీ నుంచి ఒకేరోజు వెళ్ళి రావడం డ్రైవర్‌కి శిక్ష. బస జాస్పర్‌లో పెట్టుకుంటే జలపాతం 30 కిలోమీటర్లు, గ్లేసియర్ 105 కిలోమీటర్లు, రెండూ ఒకే దారిలో. పొద్దున్నే తిన్నగా గ్లేసియర్‌కి వెళ్ళిపోండి. కాలిబాట పూర్తిచేసి, మొన దగ్గరి పాయ ఎంత ఉందో గుర్తుపెట్టుకోండి. అక్కడే మధ్యాహ్నం భోజనం కానిచ్చి, మూడు నాలుగింటికి మళ్ళీ ఒకసారి ఆ పాయ దగ్గరికి రండి. ఎండ మంచి రోజైతే నీరు బాగా పెరిగి, రంగు చిక్కబడి, అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు కూడా వినిపిస్తుంది. రోజంతా కరిగింది సాయంత్రానికి దిగుతుంది మరి. గ్లేసియర్ పని చేస్తోందని నేనన్నది ఇదే, దీనికి టికెట్టు లేదు, గైడు అక్కర్లేదు, రెండు పూటలు అక్కడ ఉండటం కావాలి. మూడు స్పాట్లు చూడొచ్చే టైములో ఒకే పాయ దగ్గరికి రెండుసార్లు వెళ్ళడమేంటని మా పిల్లలు కూడా సణిగారు.

తిరుగుదారిలో సన్‌వాప్టా జలపాతం దగ్గర కాసేపు ఆగండి. ఆ ఉదయం మొన దగ్గర చూసిన నది అథబాస్కాలో కలవక ముందు దూకేది అక్కడే. తర్వాత అథబాస్కా జలపాతం, దారంతా కాలిన చెట్లు కనిపిస్తాయి. గాజు నేల మీద నడిపించే స్కైవాక్ అని ఒకటుంది, లోయకి 280 మీటర్ల ఎత్తున. భయం ఇష్టమైనవాళ్ళు వెళ్ళొచ్చు, గ్లేసియర్‌తో దానికి సంబంధం లేదు. దారిలో చాలా భాగం ఫోన్ సిగ్నల్ ఉండదు, పెట్రోల్ బంకులు లేనట్టే. ట్యాంకు నింపుకుని, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరండి. ఎండాకాలమైనా స్వెట్టర్ ఉండాలి. మంచు మీద నుంచి కిందికి దిగే గాలి పార్కింగ్‌లో లేని చలిని మొన దగ్గర మొహాన కొడుతుంది.

నెల సంగతి అడిగితే ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో వెళ్ళమంటాను. జూన్, జులైల్లో నదిలో ఎక్కువ భాగం కొండల మీద చలికాలపు మంచు కరిగిన నీరే. వేసవి చివరికొచ్చేసరికి అది అయిపోయి, గ్లేసియర్ వాటా పెరుగుతుంది. మంచుగడ్డ కూడా పూర్తిగా బయటపడి ఉంటుంది. బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళకి సెప్టెంబరు కుదరదు, వాళ్ళకి ఆగస్టే దిక్కు. ఆ నెలలో పొగ పట్టిందంటే ఊపిరి ఆడని దాంట్లో పిల్లల్ని నడిపించొద్దు, రోజు మార్చుకోండి. ఉత్త మబ్బూ, చినుకులూ అయితే మాత్రం మానకండి. కొండలు కనబడని రోజు డబ్బు పోసి బస్సెక్కడం దండగ. కాలిబాట, గీతల బండ, పాయ, రెండు జలపాతాలు అన్నీ మబ్బుకి కిందే ఉంటాయి, నేషనల్ పార్కు ప్రవేశ పాస్ తప్ప ఇంకేమీ అడగవు.